నవంబర్ మ్యాచ్‌లు చూసి కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టును ఎలా అంచనా వేయాలి?

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ నవంబర్ మొదటి వారంలో మొదలవుతుంది. రెండు వారాలు తిరక్కుండానే తీర్పులు వచ్చేస్తాయి. ఈ జట్టు పని అయిపోయిందట, ఆ కుర్రాడు రేపో మాపో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) స్టార్ అట. అక్కడ చదువుకునే, స్థిరపడ్డ మనవాళ్లలోనూ ఇదే వరస. ఒక్క మ్యాచ్ ఓడితే కోచ్‌ను మార్చేయమంటారు. ఇది ఆటకు అన్యాయం, పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఇంకా పెద్ద అన్యాయం.

2024-25 సీజన్లో హ్యూస్టన్ యూనివర్సిటీ మొదటి ఏడు మ్యాచ్‌లలో మూడు ఓడిపోయింది. అదే జట్టు 35 గెలుపులు, 5 ఓటములతో సీజన్ ముగించింది. జాతీయ ఫైనల్లో ఫ్లోరిడా చేతిలో 65-63తో, అంటే రెండే పాయింట్ల తేడాతో ఓడింది. నవంబర్‌లో స్కోరు మాత్రమే చూసినవాళ్లకు ఈ జట్టు అర్థం కాలేదు. ఎవరితో ఓడింది, ఎలా ఓడింది అని చూసినవాళ్లకు అప్పుడే తెలిసింది. అలా చూడటం ఎవరైనా నేర్చుకోవచ్చు.

1. కావలసినవి

ఒక నోట్‌బుక్, పెన్ను, మ్యాచ్ రికార్డింగ్, బాక్స్ స్కోర్ (మ్యాచ్‌లో ఒక్కో ఆటగాడి అంకెల పట్టిక). ఫోన్‌లో నోట్స్ వద్దు, తల దించి టైప్ చేసేలోపు రెండు పొజెషన్లు (బంతి ఒక జట్టు చేతిలో ఉండే ఒక్కో విడత) అయిపోతాయి. మ్యాచ్ రెండుసార్లు చూడాలి. మొదటిసారి అభిమానిగా, రెండోసారి సౌండ్ తీసేసి. కామెంటేటర్ గొంతు వినబడుతుంటే మీ కళ్లు మీ మాట వినవు.

2. ముందు షెడ్యూల్ చదవండి

పెద్ద యూనివర్సిటీలు నవంబర్‌లో చిన్న కాలేజీలకు డబ్బిచ్చి తమ ఊరికి పిలిపించుకుని ఆడతాయి. అలాంటి మ్యాచ్ నలభై పాయింట్ల తేడాతో గెలిచినా అది ప్రాక్టీస్ కిందే లెక్క. వాటిని పక్కన పెట్టేయండి. ఛాంపియన్స్ క్లాసిక్, మౌయి ఇన్విటేషనల్ లాంటి పోటీల్లో తటస్థ మైదానంలో గట్టి జట్టుతో ఆడినవి, ఎదుటివాళ్ల ఊరికి వెళ్లి ఆడినవి మాత్రమే వేరే పేజీలో రాసుకోండి. హ్యూస్టన్ ఆ మూడూ ఓడింది ఆబర్న్, అలబామా, శాన్ డియాగో స్టేట్ చేతుల్లో. అందులో రెండు ఓవర్‌టైమ్‌కు వెళ్లాయి. వీటిని చిన్న జట్టు చేతిలో ఓటమితో కలిపి లెక్కేస్తే లెక్కే తప్పు.

ర్యాంకులు ఈ దశలో చూడొద్దు. సీజన్‌కు ముందు ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ) ఇచ్చే ర్యాంకులు ఓటర్ల అభిప్రాయం, అంతే. 2022-23లో నంబర్ 1గా మొదలైన నార్త్ కరోలినాకు మార్చిలో మొదలయ్యే జాతీయ టోర్నమెంట్‌లో చోటే దక్కలేదు. అప్పుడు మొదటి 25లో కూడా లేని కనెక్టికట్ టైటిల్ గెలిచింది. గణాంకాల నిపుణుడు కెన్ పామరాయ్ జట్లకు వేసే రేటింగ్స్ చాలా మంచివి. కానీ వాటిలోనూ మొదటి వారాల్లో సీజన్ ముందు వేసిన అంచనా కలిసే ఉంటుంది.

3. చిన్న లెక్క

ఎన్ని పాయింట్లు కొట్టారన్నది కాదు, ఎన్ని అవకాశాల్లో కొట్టారన్నది చూడాలి. పడినా పడకపోయినా ప్రయత్నించిన షాట్లలోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు (తాము తప్పిన షాట్‌ను మళ్లీ తామే అందుకున్నవి) తీసేసి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకున్నవి) కలిపి, ప్రయత్నించిన ఫ్రీ త్రోలను (ఫౌల్ జరిగితే అడ్డు లేకుండా వేసే షాట్లు) 0.475తో గుణించి కలపండి. 60 షాట్లు, 10 ఆఫెన్సివ్ రీబౌండ్లు, 12 టర్నోవర్లు, 20 ఫ్రీ త్రోలు అయితే 71.5 పొజెషన్లు. అందులో 80 పాయింట్లు వస్తే నూరు పొజెషన్లకు దాదాపు 112, చాలా బాగుంది. ఇంకో రోజు వేగంగా ఆడి 80 పొజెషన్లలో 84 కొడితే స్కోరు పెద్దదే, కానీ నూటికి 105 మాత్రమే.

ఆ తర్వాత బాస్కెట్‌బాల్ గణాంకాల నిపుణుడు డీన్ ఆలివర్ చెప్పిన నాలుగు అంశాలు చూడండి: షూటింగ్, టర్నోవర్లు, ఆఫెన్సివ్ రీబౌండ్లు, ఫ్రీ త్రోలు సంపాదించడం. నవంబర్‌లో షూటింగ్ అంకెను అన్నిటికంటే తక్కువ నమ్మండి. అది రోజుకోలా ఊగుతుంది. రీబౌండ్లు, టర్నోవర్లు జట్టు అలవాట్లను చూపిస్తాయి. అమ్మాయిల జట్లకూ ఇదే పద్ధతి. వాళ్ల మ్యాచ్ మాత్రం పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు.

4. కుర్రాళ్లను చూడటం

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

ఎన్‌బీఏ నిబంధన ప్రకారం అమెరికా కుర్రాడు హైస్కూల్ అయ్యాక కనీసం ఏడాది ఆగాలి, వయసు 19 నిండే సంవత్సరం కావాలి. అందుకే ఎంతో ప్రతిభ ఉన్న పిల్లలు ఒక్క ఏడాది కోసం కాలేజీకి వస్తారు. వాళ్లకు ఎదురు నిలబడేది ఎవరు? ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారుతూ వచ్చిన ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల మగవాళ్లు. శరీరం బలంలో, ఆట తెలివిలో నాలుగైదేళ్ల తేడా. మొదటి నెలలో ఫ్రెష్‌మ్యాన్ (కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడు) తడబడితే అందులో వింతేమీ లేదు. ఎక్కడ తడబడ్డాడన్నదే చూడాలి.

రెండోసారి చూసేటప్పుడు మొదటి పది నిమిషాలు బంతిని చూడకండి. ఆ కుర్రాడి పాదాలనే చూడండి. బంతి మైదానం అవతలి పక్కన ఉన్నప్పుడు మంచి డిఫెండర్ ఒక కాలు బుట్ట ముందు పెయింట్‌లో పెట్టి, మోకాళ్లు వంచి, తన మనిషినీ బంతినీ మార్చి మార్చి చూస్తుంటాడు. బంతి అటునుంచి ఇటు రాగానే పరుగెత్తి, చివరి రెండు అడుగులు పొట్టిగా వేసి, చెయ్యి పైకెత్తి ఆగుతాడు. కొత్త కుర్రాడు ఏం చేస్తాడంటే నిటారుగా నిలబడి బంతినే చూస్తుంటాడు. అతని మనిషి వెనక నుంచి జారుకుని సులువుగా రెండు పాయింట్లు వేసేస్తాడు. బాక్స్ స్కోర్‌లో ఈ తప్పు ఎక్కడా కనిపించదు. ఇరవై పాయింట్లు కొట్టాడని మీరు ఆకాశానికెత్తేసిన రోజే అతను పన్నెండు పాయింట్లు ఇచ్చేసి ఉండొచ్చు.

అందుకే హైలైట్స్ చూసి ఆటగాడిని తేల్చకూడదని గట్టిగా చెబుతాను. డంక్ చేసిన క్లిప్ మీకు వస్తుంది, సాయానికి ఆలస్యంగా వెళ్లిన క్లిప్ రాదు. ప్లస్-మైనస్ అంకెతో (అతను మైదానంలో ఉన్నంతసేపు రెండు జట్ల పాయింట్ల తేడా) తేల్చేవాళ్లదీ అదే పొరపాటు. పది మ్యాచ్‌లలో ఆ అంకె పక్కన ఆడిన నలుగురి గురించే ఎక్కువ చెబుతుంది.

ఇక షూటింగ్. త్రీ పాయింటర్లలో (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 35 శాతం కొట్టగల ఆటగాడు ఇరవై షాట్లలో సగటున ఏడు వేస్తాడు. ఐదు పడినా, తొమ్మిది పడినా మామూలే. అంటే అదే కుర్రాడు ఒక నెల 25 శాతం, ఇంకో నెల 45 శాతంగా కనిపిస్తాడు. మొదటి నెల చూసి షూటింగ్ రాదనొద్దు, రెండో నెల చూసి షూటర్ అనొద్దు. దానికి బదులు ఫ్రీ త్రోలు చూడండి. అక్కడ అడ్డు వచ్చేవాళ్లుండరు, దూరం మారదు. ఫ్రీ త్రో వేసే చెయ్యి శుభ్రంగా ఉంటే త్రీ పాయింటర్లు మెల్లగా అవే వస్తాయి. ఏ షాట్లు ఎంచుకుంటున్నాడో కూడా రాసుకోండి. ఖాళీగా దొరికినవి వేసి తప్పినవాడిని నేను వదిలేస్తాను, ఇద్దరి మీద నుంచి వేసి పడేలా చేసినవాడినే అనుమానిస్తాను.

టర్నోవర్లను ఒకే గాటన కట్టొద్దు. 2024 నవంబర్ 12న అట్లాంటాలో డ్యూక్ జట్టు కెంటకీ చేతిలో 77-72తో ఓడింది. డ్యూక్ ఫ్రెష్‌మ్యాన్ కూపర్ ఫ్లాగ్ 26 పాయింట్లు, 12 రీబౌండ్లు తీసి, ఆఖరి ఘడియల్లో రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. అప్పటికి అతనికి పదిహేడేళ్లే. అక్కడ చూడాల్సింది ఆ రెండు తప్పులను కాదు. స్కోరు బిగుతుగా ఉన్నప్పుడు కోచ్ బంతిని ఎవరి చేతిలో పెట్టాడు? ఆ కుర్రాడు వెనక్కి తగ్గాడా? తగ్గలేదు. సీజన్ చివరికి అతనే దేశంలో ఉత్తమ ఆటగాడు, 2025 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి ఎంపిక. దాడి చేస్తూ పోగొట్టిన బంతి వేరు, ఎవరూ ఒత్తిడి చేయకపోయినా పరధ్యానంగా ఇచ్చిన పాస్ వేరు. మొదటిది అనుభవంతో తగ్గుతుంది. రెండోది నెల తర్వాత కూడా అలాగే ఉంటే టెన్షన్ పడాలి.

పొడుగు కుర్రాళ్ల విషయంలో ఫౌల్స్ చూడండి. ఫస్ట్ హాఫ్‌లో రెండు పడితే చాలామంది కోచ్‌లు బెంచీ మీద కూర్చోబెట్టేస్తారు. అందుకే పాయింట్లను నిమిషాలతో కలిపి చూడాలి. చేతులు ఆడించి చేసిన ఫౌల్ అలవాటు వల్ల వస్తుంది, అది మారుతుంది. అడుగు అందక చేసిన ఫౌల్ వేగం లేకపోవడం వల్ల వస్తుంది, అది అంత తొందరగా మారదు.

నోట్స్‌ను ముక్కలుగా రాసుకోండి. మగవాళ్ల మ్యాచ్‌లో ఇరవై నిమిషాల ప్రతి హాఫ్‌లో వెనక్కి నడిచే గడియారం 16, 12, 8, 4 నిమిషాల కిందికి వచ్చాక టీవీ విరామాలు వస్తాయి. కాబట్టి హాఫ్‌కు ఐదు గళ్లు. తప్పు చేసి బయటికి వెళ్లిన కుర్రాడు తర్వాతి గడిలో తిరిగొచ్చి ఏం చేశాడన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యం. చివరి నాలుగు నిమిషాల గడిలో అతను మైదానంలో ఉన్నాడా లేదా తప్పకుండా రాయండి.

ఒక ఘోర పరాజయంతో పిల్లల మీద గీత గీసేయకండి. 2018 నవంబర్‌లో డ్యూక్ జట్టు కెంటకీని 118-84తో చిత్తు చేసింది. ఆర్‌జే బారెట్ 33, జయాన్ విలియమ్సన్ 28 కొట్టారు. ఆ తర్వాతి మార్చిలో జాతీయ టోర్నమెంట్‌లో రెండు జట్లూ సరిగ్గా ఒకే చోట, చివరి ఎనిమిది జట్ల దశలో, ఆగాయి. ఆ రాత్రి అంత దెబ్బ తిన్న కెంటకీ ఫ్రెష్‌మెన్ టైలర్ హీరో, కెల్డన్ జాన్సన్ ఇద్దరూ ఆ ఏడాదే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎన్‌బీఏకు వెళ్లారు.

5. తీర్పు రాయడం

క్రిస్మస్ సెలవుల దాకా తీర్పు రాయకండి. అప్పటికి మీరు వేరుగా రాసుకున్న ఆ పేజీలో నాలుగైదు అసలైన మ్యాచ్‌లు ఉంటాయి. జట్టుకు మూడు వాక్యాలు, ఒక్కో కుర్రాడికి రెండు వాక్యాలు చాలు. పదికి ఇన్ని మార్కులని వేయొద్దు. మార్కు వేసిన మనిషి ఆ తర్వాత దాన్ని సమర్థించుకోవడానికే మ్యాచ్ చూస్తాడు. నవంబర్ గళ్లనూ డిసెంబర్ గళ్లనూ పక్కపక్కన పెట్టి, ఏ తప్పు తగ్గింది, ఏది అలాగే ఉంది అన్నది మాత్రం రాయండి.

జనవరిలో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు (తమ లీగ్‌లోని జట్లతోనే ఆడేవి) ఊపందుకున్నాక పేజీ మళ్లీ తెరవాలి. 2022-23 కనెక్టికట్ వరసగా 14 గెలిచి, తర్వాతి ఎనిమిదిలో ఆరు ఓడి, ఏప్రిల్‌లో ఛాంపియన్ అయింది. ఎదుటి కోచ్‌లు రికార్డింగులు చూసి మీ కుర్రాడి బలహీనత పట్టేసే కాలం అది. అతన్ని ఎడమ చేతి వైపుకు తోస్తారు, స్క్రీన్ల మీద స్క్రీన్లు పెట్టి (దారికి అడ్డంగా తమ మనిషిని నిలబెట్టి) అలసిపోయేలా చేస్తారు. అలా రెండు మ్యాచ్‌లు ఇబ్బంది పడి, మూడో మ్యాచ్‌లో అతను ఏం మార్చుకుని వచ్చాడో చూసి, దాన్ని ఆ రెండు వాక్యాల కింద మూడోదిగా రాయండి.