డీపీఎఫ్ లైట్ వెలిగినప్పుడు: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి మరమ్మతు

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 (భారత్ స్టేజ్-6) కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక, డీజిల్ కార్ల పొగ గొట్టంలో ఇంజిన్‌కు దగ్గరగా డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్, అంటే డీపీఎఫ్, ఉండక తప్పడం లేదు. బీఎస్-4 డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల వరకు కణాలను వదలవచ్చు. బీఎస్-6లో ఆ పరిమితి 4.5 మిల్లీగ్రాములకు తగ్గడమే కాక, కణాల సంఖ్య మీద కూడా హద్దు వచ్చింది. ఆ మసిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచే భాగమే ఈ ఫిల్టర్.

లోపల తేనెపట్టు గదుల్లా సన్నని పింగాణీ గొట్టాలు వరుసగా ఉంటాయి. ఒక గొట్టం ముందు వైపు మూసి ఉంటే, దాని పక్క గొట్టం వెనక వైపు మూసి ఉంటుంది కాబట్టి పొగ గోడలోంచి చొచ్చుకుపోక తప్పదు, మసి గోడకు పట్టేసి ఆగిపోతుంది. అలా పట్టిన మసిని కారు తనంతట తానే కాల్చివేసుకోవడాన్ని రీజనరేషన్ అంటారు. హైవే మీద పొగ బాగా వేడెక్కినప్పుడు ఈ పని కొంతవరకు నిశ్శబ్దంగా జరిగిపోతుంది. అది చాలనప్పుడు ఇంజిన్ కంప్యూటర్ అదనంగా కాస్త డీజిల్ చిమ్మించి, ఫిల్టర్ వేడిని సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి మసిని కాలుస్తుంది.

డీపీఎఫ్ లైట్ వెలిగిన కార్లలో చాలావాటిలో ఫిల్టర్ స్వయంగా చెడిపోయి ఉండదు. నడిపే తీరో, మసి ఎక్కువగా పుట్టిస్తున్న మరో భాగమో, తప్పు లెక్క చెబుతున్న సెన్సరో కారణమై ఉంటుంది. ఆ కారణాన్ని వదిలేసి ఫిల్టర్ మార్పిస్తే, ఎంతో ఖర్చు పెట్టి వేయించిన కొత్త ఫిల్టర్ కూడా కొద్ది నెలల్లోనే పూడిపోతుంది.

పసుపు లైట్ వెలిగింది, కారు మాత్రం మామూలుగానే నడుస్తోంది

ఇది తొలి హెచ్చరిక. మసి నిండుతోందని, కాల్చుకోవడానికి అవకాశం దొరకలేదని దీని అర్థం. పిల్లలను బడిలో దింపి రావడం, నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకు వెళ్లి రావడం, సాయంత్రం ట్రాఫిక్‌లో మొదటి, రెండో గేర్లలో పాకడం, ఇవే కారు రోజువారీ పనులైతే ఫిల్టర్ వేడెక్కే లోపే ఇంజిన్ ఆగిపోతుంది. రీజనరేషన్ మొదలైనా మధ్యలో తెగిపోతుంది.

దీనికి మందు ఒక నిలకడైన ప్రయాణం. ముందుగా ట్యాంకులో కనీసం పావు వంతుకు పైగా డీజిల్ ఉందో లేదో చూసుకోవాలి. డీజిల్ బాగా తక్కువగా ఉంటే చాలా కార్లలో రీజనరేషన్ అసలు మొదలే కాదు, ఈ చిన్న విషయం తెలియక సర్వీస్ సెంటర్ దాకా వెళ్లేవారు ఉన్నారు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరువాత గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల వేగంతో, ఆర్‌పీఎం 2000కు తగ్గకుండా అవసరమైతే ఒక గేరు తక్కువలోనే ఉంచి, 20 నుంచి 30 నిమిషాలు ఆపకుండా నడపాలి. హైదరాబాదులో ఉన్నవారికి 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు, విజయవాడ, విశాఖపట్నం వారికి 16వ నంబరు జాతీయ రహదారి ఇందుకు అనువైన దారులు. అతివేగం అవసరం లేదు, నిలకడ ముఖ్యం. ఇంటి ముందు కారు నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కి రేస్ చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. బండి మీద బరువు పడకుండా పొగకు తగినంత వేడి రాదు, పైగా మసి మరికొంత చేరుతుంది. కొన్ని మోడళ్లకు కావలసిన వేగం, సమయం వేరుగా ఉంటాయి కనుక ఓనర్స్ మాన్యువల్‌లో చెప్పినదానికే ప్రాధాన్యం ఇవ్వాలి.

కారు ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరుగుతోంది, కాలిన వాసన వస్తోంది

ఐడిలింగ్, అంటే బండి నిలిచి ఉన్నప్పటి ఇంజిన్ వేగం, మామూలుకంటే కాస్త పెరగడం, సిగ్నల్ దగ్గర ఇంజిన్‌ను తానే ఆపి మళ్లీ నడిపే స్టార్ట్-స్టాప్ పనిచేయకపోవడం, మైలేజ్ మీటరు ఒక్కసారిగా పడిపోవడం, ఇంజిన్ ఆపాక రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉండడం రీజనరేషన్ జరుగుతున్నదనడానికి గుర్తులు. ఇందులో మరమ్మతు చేయవలసినది ఏదీ లేదు. ఇల్లు చేరే ముందు ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే తాళం తీసేయకుండా మరో పది, పదిహేను నిమిషాలు తిరిగి రావడం మంచిది. ఎప్పుడో ఒకసారి మధ్యలో ఆపితే నష్టం లేదు కానీ, ప్రతిసారీ ఆపితే ముందు చెప్పిన లైటు, తరువాత చెప్పబోయే ఆయిల్ సమస్య రెండూ వస్తాయి.

ఆ సమయంలో కారు అడుగు భాగం విపరీతంగా వేడెక్కి ఉంటుంది. ఎండుగడ్డి మీద, ఎండుటాకుల మీద నిలపకూడదు. మన పల్లెల్లో కోతల కాలంలో కంది కట్టెను, గడ్డిని నూర్పిడి కోసం రోడ్డు మీదే పరుస్తారు. దాని మీదుగా పోయినప్పుడు గడ్డి కారు అడుగున చుట్టుకుని వేడి గొట్టానికి తగిలితే నిప్పు అంటుకునే ప్రమాదం నిజంగా ఉంది. అలాంటి చోటు దాటిన వెంటనే భద్రమైన చోట ఆపి, వంగి కింద ఏమైనా చిక్కుకుందేమో చూసుకోవాలి.

హైవే మీద నడిపినా లైటు మళ్లీ మళ్లీ వస్తోంది

ఆరోగ్యంగా ఉన్న కారులో రెండు రీజనరేషన్ల మధ్య సాధారణంగా కొన్ని వందల కిలోమీటర్లు గడుస్తాయి. ఆ దూరం యాభై, అరవై కిలోమీటర్లకు పడిపోయిందంటే మసి పుడుతున్న చోట ఏదో తేడా ఉందన్న మాట. ఇక్కడే మెకానిక్ నేర్పు తెలుస్తుంది. ఫిల్టర్ జోలికి పోకుండా దానికి ముందున్న భాగాలను ఒక్కొక్కటిగా చూడాలి.

మొదట ఈజీఆర్ వాల్వు, అంటే బయటికి పోయే పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు. మసి పేరుకుని అది పూర్తిగా మూసుకోకపోతే ఇంజిన్‌లోకి పొగ ఎక్కువగా వెళ్లి, గాలి తగ్గి, మసి పెరుగుతుంది. తరువాత గాలిని నొక్కి పంపే టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలు. వాటిలో సన్నని చీలిక ఉన్నా గాలి బయటికి పోతుంది. చీలిక దగ్గర ఆయిల్ తడి, దుమ్ము కలిసి నల్లగా మరక కట్టి ఉంటుంది కాబట్టి టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది. ఇంజెక్టర్లు డీజిల్‌ను సన్నగా చిమ్మకుండా కార్చడం, ఎయిర్ ఫిల్టర్ పూడిపోవడం, గాలి కొలిచే సెన్సర్ మురికి పట్టడం, టర్బో సీల్ పోయి ఇంజిన్ ఆయిల్ పొగతో కలవడం కూడా ఇదే లక్షణాన్ని ఇస్తాయి.

ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ప్రవాహాన్ని వేడిని బట్టి తెరిచి మూసే థర్మోస్టాట్ గురించి కాస్త గట్టిగానే చెప్పవలసి ఉంది. వేసవిలో ఇంజిన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వును తీసి పక్కన పడేసే అలవాటు మన షెడ్లలో పాత కార్ల కాలం నుంచి ఉంది. బీఎస్-6 డీజిల్ కారుకు అది పెద్ద దెబ్బ. థర్మోస్టాట్ లేకపోయినా, తెరుచుకునే ఉండిపోయినా కూలెంట్ వేడి నిర్ణీత స్థాయికి చేరదు, చేరనంత వరకు కంప్యూటర్ రీజనరేషన్‌కు అనుమతించదు. అరగంట నడిపినా ఉష్ణోగ్రత ముల్లు సగానికి రాకపోతే ముందుగా అనుమానించవలసినది దీనినే.

కొత్తగా శుభ్రం చేయించినా ఫిల్టర్ నిండిందనే స్కానర్ చెబుతోంది

స్కానర్ అంటే కారు కంప్యూటర్‌కు తగిలించి దాని లెక్కలను చదివే పరికరం. ఫిల్టర్‌లో ఎంత మసి ఉందో కంప్యూటర్ నేరుగా చూడజాలదు. ఫిల్టర్‌కు ముందు, వెనక పొగ పీడనంలో ఎంత తేడా ఉందో ఒక సెన్సర్ కొలుస్తుంది, ఆ తేడాను బట్టి, నడిచిన తీరును బట్టి లెక్క కడుతుంది. ఆ సెన్సర్‌కు రెండు సన్నని గొట్టాలు వస్తాయి. వేడికి అవి పెళుసెక్కి చిట్లవచ్చు, లోపల మసి, నీరు చేరి మూసుకుపోవచ్చు, మరమ్మతు చేసినవారు తారుమారుగా బిగించి ఉండవచ్చు.

పరీక్ష సులువైనది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి స్కానర్‌లో ఆ పీడనపు తేడా చూస్తే దాదాపు సున్నా ఉండాలి, ఎందుకంటే అప్పుడు పొగే లేదు. సున్నా కాకుండా గట్టి అంకె కనిపిస్తే లోపం సెన్సర్‌దే. స్టార్ట్ చేశాక ఐడిలింగ్‌లో తక్కువగా ఉండి, ఆర్‌పీఎం పెంచేకొద్దీ అంకె సాఫీగా పెరిగి, వదిలితే తగ్గాలి. ఎంత రేస్ చేసినా కదలకపోతే గొట్టం ఊడిందో, మూసుకుపోయిందో, ఫిల్టర్ పగిలిందో చూడాలి. సెన్సర్ ధర ఫిల్టర్ ధరలో చిన్న భాగం మాత్రమే. మార్చిన తరువాత స్కానర్‌తో పాత లెక్కను రీసెట్ చేయించాలి, లేకుంటే కొత్త సెన్సర్ పెట్టినా ఫిర్యాదు పోదు.

స్కానర్‌లో వచ్చే కోడ్‌లు కూడా దారి చూపుతాయి. పీ2463 వస్తే మసి ఎక్కువగా పేరుకుందని, పీ2002 వస్తే ఫిల్టర్ పట్టవలసినంత పట్టడం లేదని, పీ2452 నుంచి పీ2455 వరకు వస్తే పీడన సెన్సర్‌ను, దాని వైర్లను చూడమని అర్థం. మెకానిక్ కోడ్‌ను తుడిచేసి పంపితే సరిపోదు, ఆ కోడ్ ఏమిటో రాసి ఇమ్మని అడగడం కారు యజమాని హక్కు.

ఇంజిన్ ఆయిల్ తగ్గడానికి బదులు పెరుగుతోంది

ఈ లక్షణాన్ని చాలామంది గమనించరు, గమనించినవారు కూడా ఆయిల్ తగ్గలేదు కదా అని సంతోషిస్తారు. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. రీజనరేషన్ కోసం అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. రీజనరేషన్లు తరచుగా మొదలై మధ్యలో తెగిపోతూ ఉంటే ఆ డీజిల్ పేరుకుపోతుంది. డీజిల్ కలిసిన ఆయిల్ పలచబడి బేరింగులను, టర్బోను కాపాడజాలదు. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా లాక్కుని అదుపు తప్పి పరుగెత్తే ప్రమాదం కూడా ఉంది.

ఉదయం బండి తీయకముందు సమతలమైన చోట డిప్‌స్టిక్ బయటికి తీసి, గుడ్డతో పూర్తిగా తుడిచి, మళ్లీ చివరిదాకా దించి తీయాలి. ఆయిల్ పై గీతను దాటి ఉందేమో చూడాలి. ఒక చుక్కను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రాసి వాసన చూస్తే డీజిల్ కలిసిన ఆయిల్ ఇట్టే తెలుస్తుంది. అలా ఉంటే పైన ఉన్నది కాస్త తోడేసి ఊరుకోవడం మరమ్మతు కాదు. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చాలి, ఆపై రీజనరేషన్ ఎందుకు పూర్తి కావడం లేదో వెతకాలి. సర్వీసుకు గడువు ఇంకా ఉందన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

ఆయిల్ ఎంపిక కూడా డీపీఎఫ్ ఆయుష్షును నిర్ణయిస్తుంది. మసి కాలిపోతుంది కానీ, ఇంజిన్ ఆయిల్‌లోని కాల్షియం, జింక్ వంటివి కాలాక మిగిలే బూడిద ఏ రీజనరేషన్‌కూ పోదు. అందుకే బూడిద తక్కువగా ఇచ్చే ఆయిల్‌ను, మాన్యువల్‌లో ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) గ్రేడు సీ2 అని ఉంటే సీ2నే, సీ3 అని ఉంటే సీ3నే వాడాలి. చవకగా వస్తుందని పాత డీజిల్ బండ్లకు పోసే ఆయిల్ పోయకూడదు. ఇంజిన్ మెత్తగా నడుస్తుందని డీజిల్‌లో టూ-స్ట్రోక్ ఆయిల్ కలపడం కూడా బూడిదను పెంచే పనే.

పికప్ పోయింది, లైట్లన్నీ వెలిగాయి

డీపీఎఫ్ లైటుతో పాటు చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగి, కారు ఒక వేగం దాటకుండా మొరాయిస్తే అది లింప్ మోడ్, అంటే ఇంజిన్‌ను కాపాడడానికి కంప్యూటరే శక్తిని తగ్గించిన స్థితి. మసి హద్దు దాటిందని, కారు తనంతట తాను కాల్చుకునే దశ గడిచిపోయిందని అర్థం. ఇప్పుడు హైవే ఎక్కించడం తప్పు. నెమ్మదిగా సర్వీస్ సెంటర్‌కు చేర్చి, స్కానర్‌తో ఫోర్స్‌డ్ రీజనరేషన్, అంటే బలవంతంగా మసిని కాల్పించడం, చేయించాలి. దానికి ముందు మసి ఎంత ఉందో చూడమని, పైన చెప్పిన లోపాలను సరిచేయమని అడగాలి. మసి మితిమీరి ఉన్నప్పుడు ఒక్కసారిగా అంటుకుంటే పింగాణీ పగిలిపోతుంది, అలాంటప్పుడు ఫిల్టర్‌ను విప్పి శుభ్రం చేయించడమే దారి. ఫోర్స్‌డ్ రీజనరేషన్ అయ్యాక ఆయిల్ మార్పించుకోవాలి.

విప్పి శుభ్రం చేసేవారు ఫిల్టర్‌ను కొలిమిలో క్రమంగా వేడిచేసి, వెనక వైపు నుంచి గాలి కొట్టి బూడిదను రాలుస్తారు. లక్షకు పైగా కిలోమీటర్లు తిరిగి బూడిదతో నిండిన ఫిల్టర్‌కు ఇది సరైన వైద్యం. కార్లు కడిగే ప్రెషర్ వాషర్‌తో నీళ్లు కొట్టించడం మాత్రం వద్దు, లోపలి గోడల మీద ఉన్న లోహపు పూత దెబ్బతింటుంది.

డీఈఎఫ్ లైటును డీపీఎఫ్ లైటుగా పొరబడేవారు ఉన్నారు. డీఈఎఫ్ అనేది వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రావణం. అది అయిపోతే నింపడం తప్ప ఫిల్టర్‌తో దానికి సంబంధం లేదు.

పీకేయిస్తే పీడ పోతుందని ఎవరైనా చెబితే

ఫిల్టర్ లోపలి పింగాణీని పగలగొట్టి, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి ఇస్తామనే షెడ్లు ఉన్నాయి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తోంది, కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి నడపడం 190వ సెక్షన్ కింద శిక్షార్హం. వారంటీ పోతుంది. వీటన్నిటికంటే ముఖ్యం, ఆ మసి వెనక బైక్ మీద వచ్చేవారి ఊపిరితిత్తుల్లోకి, బస్టాపులో నిలబడిన పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొన్ని వేల రూపాయలు మిగులుతాయని ఆ పని చేయించడం నా దృష్టిలో సమర్థనీయం కాదు.

సెకండ్ హ్యాండ్ బీఎస్-6 డీజిల్ కారు కొనేవారు ఈ పని ఇంతకుముందే జరిగిందేమో చూసుకోవాలి. ఇంజిన్ చల్లారాక సైలెన్సర్ గొట్టం చివర లోపలి అంచును వేలితో తుడిచి చూడండి. ఫిల్టర్ బాగుంటే వేలికి నామమాత్రంగా బూడిదరంగు అంటుతుంది. కాటుకలా దట్టంగా నల్లమసి అంటితే లోపల ఫిల్టర్ పగిలి ఉంది, లేదా అసలు లేదు. ఆ కారుకు కొత్త ఫిల్టర్ ధర ఎంతో సర్వీస్ సెంటర్‌లో కనుక్కుని, ఆ మొత్తాన్ని తగ్గించి బేరమాడాలి, లేదా దానిని వదిలి మరొకటి చూసుకోవాలి.