ఎయిర్ ఫ్రయర్‌లో స్టఫ్డ్ హాలపీనోలు కరకరలాడాలంటే

బజ్జీల పిండి కలిపి మిరపకాయని అందులో ముంచి ఎయిర్ ఫ్రయర్‌లో పెట్టేద్దాం అనుకునేవాళ్ళు ముందు ఇక్కడ ఆగండి, అది అయ్యే పని కాదు. జారుగా ఉన్న శనగపిండి కాగిన నూనెలో పడగానే చుట్టూతా నూనె ఒకేసారి పట్టేసుకుని క్షణాల్లో పైన గట్టిపడిపోతుంది, అందుకే బజ్జీ పొంగుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో ఉన్నది పైన ఒక కాయిల్, దాని పక్కన ఒక ఫ్యాను, అంటే వేడి గాలి తప్ప ఇంకేం లేదు, గాలి నూనెంత స్పీడుగా వేడిని అందించలేదు కదా, ఈ లోపు పిండంతా బాస్కెట్ కన్నాల్లోంచి కిందకి కారిపోయి మిగిలిన కాస్తా కాయ మీద అట్టలా ఎండిపోతుంది. కాబట్టి ఇందులో బజ్జీ కాదు, దానికి అమెరికాలో ఉన్న దూరపు చుట్టం లాంటిది, హాలపీనో అనే పచ్చిమిరపకాయతో చేసే హాలపీనో పాపర్స్, అది చేద్దాం. నేనుండే ఇక్కడ, అమెరికాలో, స్పోర్ట్స్ బార్‌లలో మామూలుగా దొరుకుతుంది, ఫిబ్రవరిలో సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, వచ్చిందంటే తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ టేబుల్ మీద ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. మిరపకాయ, లోపల చీజ్, పైన బ్రెడ్ పొడి, అంతే. బయట నూనెలో వేయిస్తారు గానీ ఇది ఎయిర్ ఫ్రయర్‌కి బాగా పనికొచ్చే వంట, ఎందుకంటే పై కోటింగ్ పొడిది.

ఈ వంట మొత్తంలో మన శత్రువు తడి. కాయలో తడి, లోపల నింపే కూరులో తడి, కోటింగ్‌లో తడి, ఈ మూడూ చూసుకుంటే కరకర దానంతట అదే వస్తుంది, చూసుకోకపోతే ఏ మోడల్ ఎయిర్ ఫ్రయర్ కొన్నా మెత్తటి మిరపకాయే తింటారు.

కాయల సంగతి చూద్దాం. హాలపీనోలు కొనేటప్పుడు నున్నగా, గట్టిగా, కాస్త లావుగా, వంకర లేకుండా ఉన్నవి ఏరుకోండి, వంకర కాయ బాస్కెట్‌లో ఒక పక్కకి ఒరిగిపోయి చీజంతా వదిలేస్తుంది. తొక్క మీద గోధుమ రంగు సన్న గీతలు ఉంటాయి కొన్నిటికి, అవి చెట్టు మీద ఎక్కువ రోజులున్న కాయలు, మామూలుగా కాస్త ఎక్కువ కారం ఉంటాయి, పిల్లలు తినేట్టయితే అవి వదిలేయండి. కారం గురించి భయపడేవాళ్ళకి ఒక లెక్క చెప్తా: హాలపీనో, కారాన్ని కొలిచే స్కోవిల్ స్కేలు మీద 2,500 నించి 8,000 దాకా ఉంటుంది, మన గుంటూరు సన్నం ఎండుమిర్చి 35,000 దాటుతుంది. గుంటూరు కారం తిన్న నోటికి ఇదొక లెక్కా అనిపిస్తుంది గానీ పచ్చిగా కొరికితే మాత్రం తెలుస్తుంది లెండి. అసలు కారం వద్దనుకుంటే సంచిలో దొరికే మినీ స్వీట్ పెప్పర్స్ తీసుకోండి, ఎరుపు పసుపు నారింజ రంగుల్లో ప్లేటు కూడా అందంగా ఉంటుంది. పొడుగ్గా బజ్జీ మిర్చిలాగే కావాలంటే బనానా పెప్పర్ గానీ అనహైమ్ గానీ పనిచేస్తాయి, ఇక్కడ మనవాళ్ళు బజ్జీలకి వాడేవి కూడా ఎక్కువగా అవే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళకి ఈ వెతుకులాట అక్కర్లేదు, లేత బజ్జీ మిరపకాయలు తెచ్చుకోండి, మిగతా పద్ధతంతా ఇదే, కాకపోతే ఆ కాయ కండ పల్చగా ఉంటుంది కాబట్టి రెండు నిమిషాలు ముందే తీసేయాలి.

గ్లవ్స్ వేసుకోండి. వేసుకోనక్కర్లేదు మాకు అలవాటే అంటారు, పది పన్నెండు కాయలు గింజలు తీశాక ఆ చేత్తో కళ్ళద్దం బదులు కాంటాక్ట్ లెన్స్ ముట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చెయ్యి మండుతుంటే నీళ్ళతో కడిగి లాభం లేదు, మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది, అందుకని ముందు వంట నూనె రుద్దుకుని ఆ తర్వాత గిన్నెల సబ్బుతో కడుక్కోవాలి.

కాయని నిలువుగా రెండు చెక్కలుగా కోయండి, తొడిమ తీయకండి, రెండు పక్కలా తొడిమ సగం సగం ఉండేట్టు కోస్తే పట్టుకుని తినడానికి పిడిలా ఉంటుంది, పైగా ఆ వైపు నించి చీజ్ కారకుండా అడ్డం ఉంటుంది. తర్వాత చిన్న చెంచాతో లోపల గీకేయండి. అందరూ గింజల్లో కారం అనుకుంటారు గానీ కారం ఎక్కువున్నది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో, అది ఎంత తీస్తే అంత కారం తగ్గుతుంది, కారం కావాలంటే అక్కడక్కడ కొంచెం వదిలేయండి. గీకడం అయ్యాక కడిగారనుకోండి, లోపల పేపర్ టవల్ పెట్టి బాగా తుడవాలి, ఊరికే దులిపితే సరిపోదు. నేనైతే లోపల చిటికెడు ఉప్పు రాసి పది నిమిషాలు బోర్లించి పెడతా, కాయలో నీళ్ళు కాస్త దిగుతాయి, అప్పుడు తుడిచేస్తా. దీనివల్ల కాయకి ఉప్పు కూడా పడుతుంది, లేకపోతే కూరు ఒక రుచి, కాయ ఒక రుచి అన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు కూరు. ఇక్కడి పద్ధతి అయితే, పన్నెండు కాయలకి అంటే ఇరవై నాలుగు చెక్కలకి, ఒక 8 ఔన్సుల క్రీమ్ చీజ్ అచ్చు, అంటే 226 గ్రాములు, బయట పెట్టి మెత్తబడనిచ్చి, ఒక కప్పు చెడ్డార్ తురుము, రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి, ఉల్లికాడలు సన్నగా తరిగి, మిరియాల పొడి, ఉప్పు చూసుకుని వేసి కలపడమే. టబ్‌లో వచ్చే స్ప్రెడ్ రకం వద్దు, అది మెత్తగా ఉండటానికే తయారుచేస్తారు, వేడికి పల్చబడిపోతుంది, అచ్చుగా వచ్చేదే తీసుకోండి. చీజ్ మామూలుగా అయితే బ్లాక్ కొని ఇంట్లో తురుముకుంటేనే బావుంటుంది కానీ ఇందులో మాత్రం ప్యాకెట్ తురుమే నయం, అంటుకోకుండా దానికి పట్టించిన పిండి కూరుని కాస్త గట్టిగా పట్టి ఉంచుతుంది. ఇండియాలో క్రీమ్ చీజ్ ఖరీదు ఎక్కువ, అందుకని రెండొందల గ్రాముల పనీర్‌ని చేత్తో బాగా మెదిపి, రెండు మూడు చీజ్ క్యూబులు తురిమి కలిపేయండి, పనీర్‌ని ముందు గుడ్డలో గట్టిగా పిండటం మర్చిపోవద్దు. గట్టి పెరుగుని కట్టి వేలాడదీసి వాడొచ్చు అంటారు, వాడొచ్చు గానీ పులుపెక్కుతుంది, నాకంత నచ్చదు.

నాకు అసలు ఇష్టమైంది రెండోది, మన బజ్జీ బండి కూరు. అరకప్పు పల్లీలు, రెండు పెద్ద చెంచాల నువ్వులు విడివిడిగా వేయించి బరకగా పొడి చేసుకోండి, అందులో అర చెంచా వాము నలిపి, చెంచా జీలకర్ర పొడి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేయండి. చింతపండు నిమ్మకాయంత తీసుకుని చాలా కొద్ది నీళ్ళతో చిక్కటి గుజ్జు తీసి, దాన్ని మూకుట్లో వేసి ఇంకా దగ్గరపడేదాకా ఉడికించి, చల్లారాక కొంచెం కొంచెంగా పొడిలో కలపండి. ఉండ చేస్తే ఉండలా నిలవాలి, వేళ్ళకి జారుగా అంటుకుంటే గుజ్జు ఎక్కువైనట్టు, ఇంకొంచెం పల్లీ పొడి వేయండి. ఈ కూరు కరిగేది కాదు, కారేది కాదు, ఎయిర్ ఫ్రయర్‌కి చీజ్ కంటే ఇదే సుఖం. కానీ దీంట్లో కొవ్వు పల్లీలదే కాబట్టి మరీ ఎక్కువసేపు పెడితే పొడారిపోతుంది, పైన ఒక చుక్క నూనె వేస్తే మంచిది. రెండూ కలిపి, అడుగున ఈ పల్లీల కూరు పల్చగా, పైన క్రీమ్ చీజ్, అలా కూడా పెట్టొచ్చు, ఒకసారి చేసి చూడండి.

కూరు అంచుకి సమానంగా నింపాలి, గుట్టలా పెడితే వేడికి ఉబ్బి పక్కలకి దిగిపోతుంది. నింపినవాటిని పళ్ళెంలో పరిచి ఇరవై ముప్ఫై నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. టైమ్ లేదని ఈ స్టెప్ ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ, చీజ్ బాస్కెట్‌లో కారిపోయిందని బాధపడేవాళ్ళూ వాళ్ళే. కూరు చల్లగా బిగుసుకుని ఉంటే పైన కోటింగ్ రంగు తిరిగేదాకా అది కరగకుండా ఆగుతుంది, లేకపోతే పైన తెల్లగా ఉండగానే లోపల పాయసం అయిపోతుంది.

ఇక కోటింగ్, అసలు కరకర అంతా ఇక్కడే ఉంది. నూనెలో వేయించినప్పుడు పొడి బ్రెడ్ క్రంబ్స్ నూనె తాగి ఎర్రగా అవుతాయి, ఎయిర్ ఫ్రయర్‌లో తాగడానికి నూనెలేదు, పైన స్ప్రే కొట్టినా సగం చోట్ల తగలదు, అందుకే చాలామందివి పాలిపోయి సున్నం కొట్టినట్టు వస్తాయి, నోట్లో వేసుకుంటే రంపపు పొట్టు. దీనికి మందు ఏంటంటే క్రంబ్స్‌ని ముందే నూనెలో కలిపి వేయించేయడం. ఒకటిన్నర కప్పు పాంకోకి రెండు పెద్ద చెంచాల నూనె వేసి చేత్తో కలిపి, పెనం మీద సన్న సెగన లేత బంగారు రంగు వచ్చేదాకా తిప్పుతూ వేయించండి, చిటికెడు ఉప్పు, కారం, వాము వేసుకోండి. మరీ ఎర్రగా చేయకండి, ఇంకా ఎనిమిది నిమిషాలు లోపల ఉండాలి కదా. పాంకో అంటే జపాన్ వాళ్ళ బ్రెడ్ క్రంబ్స్, రేకుల్లా ఉంటాయి, మామూలు బ్రెడ్ పొడి కంటే గాలి ఆడుతుంది కాబట్టి కరకర ఎక్కువ. దొరక్కపోతే కార్న్‌ఫ్లేక్స్ చేత్తో నలిపి వాడండి, చక్కెర పూసినవి కాదు, మామూలువి. బొంబాయి రవ్వ కూడా వాడతారు గానీ అది కరకర కంటే గట్టిదనం ఇస్తుంది, పళ్ళకి తగులుతుంది.

మొదటిసారి చేసేవాళ్ళు చెక్కల మీద పైన మాత్రమే ఈ క్రంబ్స్ ఒత్తండి, చుట్టూ వద్దు. కూరు ఉన్న వైపుని క్రంబ్స్ పళ్ళెంలో బోర్లించి గట్టిగా అదిమితే చాలు, చీజే జిగురు, వేరే ఏం అక్కర్లేదు. గట్టిగా అదమండి, లోపల ఫ్యాను గాలికి వదులుగా ఉన్నవి లేచిపోయి కాయిల్ దగ్గర మాడి వాసన వస్తుంది.

చుట్టూ కోటింగ్ కావాలంటే పని ఎక్కువ. హాలపీనో తొక్క నున్నగా మైనం పూసినట్టుంటుంది, ఏదీ నిలవదు, అందుకే ముందు కార్న్ ఫ్లోర్‌లో (అమెరికాలో కార్న్ స్టార్చ్ అని అడగాలి) పొర్లించి దులిపేసి, తర్వాత గిలక్కొట్టిన గుడ్డులో ముంచి, తర్వాత క్రంబ్స్‌లో వేసి అదమాలి. గుడ్డు తిననివాళ్ళు రెండు చెంచాల శనగపిండి, రెండు చెంచాల కార్న్ ఫ్లోర్ నీళ్ళతో పెరుగంత చిక్కగా కలుపుకోండి, ఇది జిగురు కోసం మాత్రమే, బజ్జీ పిండిలా మందంగా పట్టించకూడదు, ముంచి తీశాక కారినంత కారనివ్వండి. ఒక చెయ్యి తడికి, ఒక చెయ్యి పొడికి పెట్టుకోకపోతే నాలుగో కాయకల్లా వేళ్ళకే కోటింగ్ అయిపోతుంది. అయ్యాక ఇంకో పది నిమిషాలు ఫ్రీజర్‌లో.

ఎయిర్ ఫ్రయర్‌ని 375 ఫారెన్‌హీట్, అంటే 190 సెల్సియస్‌లో మూడు నాలుగు నిమిషాలు ఖాళీగా వేడి చేయండి. ఆ టైమ్‌లో లోపల పార్చ్‌మెంట్ కాగితం ఒక్కటే వేసి పెట్టకండి, బరువు లేకపోతే ఎగిరి కాయిల్‌కి తగిలి అంటుకుంటుంది. చెక్కలని కూరు పైకి ఉండేట్టు ఒకే వరసలో, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చారో వేయించడం కాదు, ఆవిరి పట్టడం అవుతుంది. బ్యాచ్‌లుగా చేయండి, మిగతావి ఫ్రీజర్‌లోనే ఉంచండి. పైన మాత్రమే కోటింగ్ ఉన్న చెక్కలకి ఎనిమిది నించి పది నిమిషాలు, తిప్పక్కర్లేదు. చుట్టూ కోటింగ్ ఉన్నవాటికి పది నించి పన్నెండు, మధ్యలో ఒక్కసారి పట్టకారుతో నెమ్మదిగా తిప్పండి, బాస్కెట్ పట్టుకుని ఊపొద్దు. ఆరు నిమిషాల నించే తెరిచి చూస్తుండండి, ఒక్కో మెషిన్ ఒక్కో రకం, చిన్నవి పైన త్వరగా మాడుస్తాయి. కాయ అంచులు కాస్త ముడతపడి, చీజ్ అంచుల్లో బుడగలు వచ్చాయంటే అయిపోయినట్టే. నూనె స్ప్రే చేయాలనిపిస్తే మామూలు నూనెని స్ప్రే బాటిల్‌లో పోసుకుని చేయండి, డబ్బాలో వచ్చే నాన్‌స్టిక్ స్ప్రేలు కొన్నాళ్ళకి బాస్కెట్ మీద జిగురులా పేరుకుని కోటింగ్‌ని పాడుచేస్తాయి.

బేకన్, అంటే పంది మాంసం పల్చటి పట్టీలు, చుట్టి చేసే రకం కూడా ఉంది, దానికి క్రంబ్స్ అవసరం లేదు, 390లో (ఇక్కడి నించి అన్నీ ఫారెన్‌హీట్‌లోనే) పన్నెండు నిమిషాల వరకు పడుతుంది, కొవ్వు కారి పొగ వస్తుంటే కింద డ్రాయర్‌లో కాసిన్ని నీళ్ళు పోయండి.

తీశాక ప్లేట్‌లో కాదు, జాలీ రాక్ మీద పెట్టండి, ప్లేట్‌లో పెడితే అడుగున ఆవిరి పట్టి పడ్డ కష్టమంతా మెత్తబడిపోతుంది. మూడు నిమిషాలైనా ఆగి తినండి, లోపల చీజ్ అంగిలి కాల్చేస్తుంది. ఇక్కడివాళ్ళు రాంచ్ అనే మజ్జిగ కలిపిన చిక్కటి సాస్‌లో ముంచుకుంటారు, పాలల్లో ఉండే కేసిన్ అనే ప్రొటీన్ కారాన్ని పట్టి లాగేస్తుంది కాబట్టి పెరుగులో పుదీనా, ఉప్పు కలుపుకున్నా అదే పని చేస్తుంది. పల్లీల కూరు పెట్టినవాటికి మాత్రం సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం పిండి పైన చల్లడం తప్ప ఇంకేదీ నప్పదు. కట్ మిర్చి ఇష్టమైనవాళ్ళు వీటినే మూడేసి ముక్కలుగా కోసి ఇంకో రెండు నిమిషాలు 400లో వేసి, పైన చాట్ మసాలా చల్లుకోండి, కోసిన వైపులు కూడా కరకరలాడతాయి.

పార్టీ అయితే ముందు రోజే నింపి, క్రంబ్స్ అదిమి, పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించి తర్వాత జిప్‌లాక్‌లో వేసేయండి. కరగబెట్టకుండా గడ్డగా ఉన్నవాటినే 360లో పన్నెండు నిమిషాల దాకా పెట్టాలి, కరగబెడితే కాయ నీళ్ళు వదుల్తుంది. మిగిలిపోయినవి మైక్రోవేవ్‌లో వేడి చేయకండి, 350లో మూడు నాలుగు నిమిషాలు పెడితే చాలావరకు మళ్ళీ కరకరలోకి వస్తాయి, కానీ చీజ్ ఉన్నవి బయట రెండు గంటలకి మించి ఉంటే పడేయడమే.