సొంత మీడియా భాండాగారం, 4వ పాఠం: హార్డ్ డ్రైవ్ కొనే ముందు, కొన్న రోజు

మూడో పాఠంలో ఇచ్చిన లెక్క చాలామందికి తప్పింది. ఇంట్లో ఉన్న పెళ్లి వీడియోలు, ఫోన్ వీడియోలు, కేసెట్ల నుంచి ఎక్కించిన హరికథలు కలిపి మొత్తం ఎంతవుతాయో కట్టమంటే 30 టీబీ (టెరాబైట్లు) అని తేల్చినవాళ్లున్నారు. లెక్క తేలకముందే షాపుకు వెళ్లి డ్రైవ్ కొనేసి, "పెట్టె మీద 4 టీబీ, కంప్యూటర్లో 3.63, ఇది మోసం" అని వెనక్కి ఇచ్చేసినవాళ్లూ ఉన్నారు. అందుకని ఈ పాఠంలో ముందు పాత బాకీ తీర్చి, ఆ తర్వాతే ఎంపికకు వద్దాం.

బిట్లు, బైట్లు

కెమెరా సెట్టింగుల్లో కనిపించే 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఫైలు సైజును కొలిచేది మెగాబైట్లలో. 8 బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి 100ని 8తో భాగించాలి. సెకనుకు 12.5 ఎంబీ, గంటకు 45 జీబీ వస్తుంది. రెండు కెమెరాలతో చెరో 6 గంటలు తీసిన పెళ్లికి 540 జీబీ చాలు. భాగించడం మరిచిపోతే అదే పెళ్లి 4.32 టీబీ అయి కూర్చుంటుంది. 30 టీబీల రహస్యం ఇదే.

నేను వాడే అడ్డదారి ఒకటుంది. ఎంబీపీఎస్ అంకెను 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీలో వచ్చేస్తుంది. 50 ఎంబీపీఎస్ ఫోన్ వీడియో గంటకు 22.5 జీబీ, 8 ఎంబీపీఎస్ వీడియో 3.6 జీబీ. పాత వీడియో కెమెరాల మినీ డీవీ టేపులకు మాత్రం ఇది చెల్లదు. వాటిలో వీడియో 25 ఎంబీపీఎస్సే అయినా ఆడియో, మిగతా సమాచారం కలిసి గంటకు 13 జీబీ దాకా పడుతుంది. ఆ 13ను అలాగే గుర్తుపెట్టుకోండి.

ఆడియో గురించి మరీ బెంగ పెట్టుకోకండి. సీడీ నాణ్యతలో, కుదించని వేవ్ ఫైలుగా ఎక్కిస్తే నిమిషానికి 10.6 ఎంబీ. 90 నిమిషాల కేసెట్ ఒక్కోటి 950 ఎంబీ చొప్పున, 200 కేసెట్లకు 190 జీబీ. నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్‌గా మారిస్తే దాదాపు సగానికి దిగుతుంది. చోటు తినేది ఎప్పుడూ వీడియోనే.

4 టీబీ, 3.63 ఎలా అయింది?

డ్రైవ్ తయారీదారు లెక్కలో ఒక టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. 4 టీబీ డ్రైవ్‌లో 4 లక్షల కోట్ల బైట్లు ఉండాలి, ఉంటాయి కూడా. విండోస్ ఆ అంకెను నాలుగుసార్లు 1024తో భాగించి, వచ్చిన 3.63 పక్కన మళ్లీ టీబీ అనే రాస్తుంది. మ్యాక్ 2009 నుంచి లక్ష కోట్ల లెక్కే చూపిస్తోంది కాబట్టి అదే డ్రైవ్ అక్కడ 4 టీబీగా కనిపిస్తుంది. అనుమానముంటే విండోస్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. కెపాసిటీ వరుసలో బైట్ల అంకె పూర్తిగా ఉంటుంది. అది 4తో మొదలై మొత్తం 13 అంకెలుంటే మీ సరుకు మీకు అందినట్టే.

దీనివల్ల నిజంగా నష్టపోయేది మరోచోట. పాత డ్రైవుల్లోని ఫోల్డర్ల సైజును విండోస్‌లో చూసి కూడినవాళ్లు ఆ మొత్తానికి 10 శాతం కలపాలి. విండోస్‌లో 3.7 టీబీ అని కనిపించే సరుకు 4 టీబీ డ్రైవ్‌లో పట్టదు. ఇక సరిదిద్దిన మొత్తాన్ని 1.5తో గుణించండి. కొనాల్సిన సైజు అదే. అందులో కొంత వచ్చే రెండు మూడేళ్ల కొత్త సరుకు కోసం, కొంత ఎప్పుడూ ఖాళీగా ఉంచాల్సిన చోటు కోసం.

ఎంపిక

వచ్చిన అంకె 5 టీబీలోపు ఉంటే 2.5 అంగుళాల పోర్టబుల్ డ్రైవ్ తీసుకోండి. అంతకు మించితే 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డ్రైవ్. చిన్నది యూఎస్‌బీ కేబుల్ నుంచే కరెంటు తీసుకుంటుంది. పెద్దదానికి వేరే 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. పెద్దది వేగంగా పనిచేస్తుంది, టీబీకి పడే ధర కూడా సాధారణంగా తక్కువే. కానీ ఇంట్లో యూపీఎస్ లేకపోతే నేను దాన్ని సిఫారసు చేయను. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, డ్రైవ్ మాత్రం రాస్తున్న ఫైలు మధ్యలో ఆగిపోతుంది. చిన్న డ్రైవ్‌కు ఈ బాధ లేదు.

8 టీబీ ఒక్కటి కొందామా, 4 టీబీలు రెండు కొందామా అన్నది మీలో చాలామంది ప్రశ్న. సరుకు 4 టీబీలో పడితే రెండే కొనండి, రెండింటిలోనూ అదే సరుకు పెట్టండి. వీలైతే రెండూ వేర్వేరు కంపెనీలవి, లేదా కనీసం వేర్వేరు నెలల్లో కొన్నవి అయితే ఒకే బ్యాచ్ లోపం రెండింటికీ ఉండదు. ఒకే డ్రైవ్‌ను రెండు పార్టిషన్లుగా కోసి, రెండోదానికి బ్యాకప్ అని పేరు పెట్టే అలవాటును మాత్రం వదిలేయండి. మోటారు ఒకటే, పోతే రెండూ పోతాయి.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచే డ్రైవ్)? ఎడిటింగ్‌కు చాలా మంచిది. బీరువాలో ఏళ్ల తరబడి కరెంటు లేకుండా ఉంచడానికి కాదు. చిప్‌లకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రకారం బాగా వాడి అరిగిన సాధారణ ఎస్‌ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలబెట్టుకుంటే చాలు. కొత్తది అంతకన్నా చాలా ఎక్కువ కాలం ఆగుతుంది కానీ, టీబీకి అన్ని రెట్లు ధర పెట్టి ఆ లెక్కలన్నీ మోయడం ఎందుకు?

రెండు వేలకు 16 టీబీ అనే ప్రకటనల గురించి ఒక్క మాటే. అలాంటివాటిలో ఉండేది మామూలు మెమరీ కార్డు, తన సైజు గురించి అబద్ధం చెప్పేలా మార్చిన ఫర్మ్‌వేర్ (లోపల దాన్ని నడిపే ప్రోగ్రాం). అసలు చోటు నిండాక రాసినవి పాతవాటి మీద పడతాయి, లేదా ఎక్కడా పడవు. ఫైలు పేర్లు మాత్రం అన్నీ కనిపిస్తూనే ఉంటాయి.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకునేవాళ్లు ఒకటి చూసుకోండి. చాలా డ్రైవుల వారంటీ కొన్న ప్రాంతానికే వర్తిస్తుంది. సీరియల్ నంబర్‌ను కంపెనీ సైట్‌లో వేస్తే తెలుస్తుంది. ఎక్కడ కొన్నా వారంటీ ఇచ్చేది డ్రైవ్‌కే, అందులోని పెళ్లికి కాదు.

కేబుల్: చాలా హార్డ్ డ్రైవులకు ఇప్పటికీ వెడల్పాటి మైక్రో బీ సాకెట్టే ఉంటుంది. ఒకే సాకెట్టులో పక్కపక్కనే రెండు గదులుంటాయి. పాత ఫోన్ చార్జింగ్ కేబుల్ అందులో పెద్ద గదిలోకి చక్కగా దూరుతుంది, డ్రైవ్ పనిచేస్తుంది కూడా, కానీ యూఎస్‌బీ 2.0 వేగంతో. సెకనుకు 30-40 ఎంబీ దాటదు. 4 టీబీ నిండటానికి 11 గంటలు పట్టాల్సింది 30 గంటలు దాటుతుంది. డ్రైవ్‌తో వచ్చిన కేబులే వాడండి. అదనంగా ఒకటి కొని పెట్టుకోండి, అర మీటరు మించనిది. టీవీకి తగిలించాలంటే పోర్టు పక్కన ముద్రించిన అంకె చూడండి. 5 వోల్టులు 0.5 ఆంప్ అని ఉన్నచోట డ్రైవ్ టిక్కుటిక్కుమంటూ కనిపించి మాయమవుతుంటే డ్రైవ్ చెడినట్టు కాదు, కరెంటు చాలడం లేదు. 1 ఆంప్ రాసి ఉన్న పోర్టుకు మార్చండి, లేదా సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టండి.

కాపీ మధ్యలో వేగం పడిపోయిందని కేబుల్ పీకేవాళ్లకు

ముందే కొనేసినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడ దెబ్బతిన్నారు. కాపీ 120 ఎంబీతో మొదలైంది, గంట తర్వాత 15కి పడింది, ఒక్కోసారి సున్నా. డ్రైవ్ పాడైందనుకుని కేబుల్ లాగేశారు. అప్పుడు నిజంగానే ఫైళ్లు చెడ్డాయి.

అసలు జరిగేది ఇది. హార్డ్ డ్రైవ్ లోపల తిరిగే పళ్లెం మీద రాసే తలకు (హెడ్) కావాల్సిన వెడల్పు ఎక్కువ, చదివే తలకు తక్కువ. అందుకని ఒక వరుస మీద ఇంకో వరుస కొంత కప్పేలా, ఇంటి కప్పు మీద పెంకులు పరిచినట్టు రాస్తే అదే పళ్లెంలో ఎక్కువ సరుకు పడుతుంది. దీన్నే ఎస్‌ఎంఆర్ అంటారు. వరుసలు విడివిడిగా ఉండే పాత పద్ధతి సీఎంఆర్. ఎస్‌ఎంఆర్‌లో చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ మధ్యలో ఒక వరుస మార్చాలంటే దాని మీద కప్పుకున్నవన్నీ తీసి మళ్లీ పరచాలి. ఆ పని వెంటనే చేయలేక, డ్రైవ్ వచ్చిన సరుకును ముందు విడి వరుసలున్న చిన్న భాగంలో దించుకుంటుంది. ఖాళీ దొరికినప్పుడు అసలు చోటుకు సర్దుతుంది. మీరు ఆపకుండా పోస్తుంటే ఆ చిన్న భాగం నిండుతుంది. అప్పుడు సర్దుకుంటూ తీసుకోవాలి, వేగం పడిపోతుంది.

2020 ఏప్రిల్‌లో పెద్ద తయారీదారులు కొన్ని మోడళ్లలో ఈ సంగతి చెప్పకుండానే అమ్ముతున్నారని బయటపడ్డాక, ఇంటర్నల్ డ్రైవుల జాబితాలు ప్రకటించారు. అప్పటినుంచి "ఎస్‌ఎంఆర్ వద్దు" అనే మాట మంత్రంలా తిరుగుతోంది. అది విని 2.5 అంగుళాల్లో సీఎంఆర్ కోసం ఊరంతా వెతుకుతున్నారు. దొరకదు. 2 టీబీ, అంతకు మించిన పోర్టబుల్ హార్డ్ డ్రైవులు దాదాపు అన్నీ ఎస్‌ఎంఆరే. నాస్‌లో (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డ్రైవుల పెట్టె) నాలుగు డ్రైవులు కలిపి, ఒకటి పోయినా సరుకు పోకుండా రైడ్ కట్టేవాళ్లకు ఎస్‌ఎంఆర్ ప్రమాదమే, ఎందుకంటే పోయిన డ్రైవ్ స్థానంలో కొత్తది నింపేటప్పుడు రోజుల తరబడి ఆగకుండా రాయాలి. డ్రైవ్ మీదనే ఎడిటింగ్ చేసేవాళ్లకూ వద్దు. ఒకసారి రాసి, పదేళ్లు చదువుకునే మీడియా భాండాగారానికి మాత్రం ఏ లోటూ లేదు. పద్ధతిగా పోయాలి, అంతే:

పెద్ద వీడియోలు ముందు, ఫొటోలు, పాటలు చివర. చిన్న ఫైళ్లు వేలకొద్దీ వచ్చినప్పుడే ఈ డ్రైవులు ఎక్కువ తడబడతాయి. ఒకేసారి రెండు కాపీలు నడపకండి, ఒకటి అయ్యాకే ఇంకోటి. 150-200 జీబీ చొప్పున పంపి, మధ్యలో అరగంట విరామం ఇవ్వండి. కాపీ అయిపోయాక కూడా డ్రైవ్ మీద వేలు పెడితే సన్నగా అదురు తెలుస్తుంది, లైటు మిణుకుతుంటుంది. లోపల సర్దుకుంటోంది. అది ఆగేదాకా తగిలించే ఉంచి, ఆ తర్వాత ఎజెక్ట్ కొట్టి తీయండి. ఎప్పుడూ 10-15 శాతం ఖాళీ వదలండి. డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కలను ఒకచోటికి చేర్చే పని) అస్సలు చేయకండి, ఒక్కో పెంకు తీసి కప్పంతా మళ్లీ నేయించినట్టే.

వేగం ఎప్పుడూ, ఖాళీ డ్రైవ్‌లో పెద్ద ఫైలు వేసినా, 40 దాటకపోతే అది ఎస్‌ఎంఆర్ కాదు. పైన చెప్పిన కేబుల్, లేదా పాత పోర్టు.

అభ్యాసం

కొన్న రోజునే చేయాలి. వాపసు గడువు లోపల, ఒక్క ఫైలు కూడా ఎక్కించకముందు. దీనికి దాదాపు పూర్తి రోజు పడుతుందని ముందే చెబుతున్నాను.

డ్రైవ్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాం తెరిచి పవర్ ఆన్ అవర్స్ (డ్రైవ్ ఇప్పటిదాకా నడిచిన గంటలు) చూడండి. కొత్త డ్రైవ్‌కు సున్నా, మహా అయితే రెండు మూడు గంటలు ఉండాలి. వందల్లో ఉంటే వాడినదాన్ని కొత్తగా అమ్మారు. చెడిన చోట్లను లెక్కపెట్టే 05, సీ5, సీ6 వరుసల్లో రా విలువలు (అసలు లెక్కలు) పూర్తిగా సున్నాలుండాలి. ఆ విలువలు అందులో హెక్సాలో (అంకెలతో పాటు అక్షరాలూ వచ్చే లెక్క) కనిపిస్తాయి, బెదిరిపోకండి. డేటా దారిలో వచ్చే తప్పుల లెక్క సీ7 పెరుగుతుంటే తప్పు డ్రైవ్‌ది కాకపోవచ్చు, కేబుల్ మార్చి చూడండి.

తర్వాత హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రాంతో డ్రైవ్ మొత్తం నింపి, తిరిగి చదివించండి. మ్యాక్, లైనక్స్ వాళ్లకు ఎఫ్3 ఉంది, ముందు ఎఫ్3రైట్, తర్వాత ఎఫ్3రీడ్. 4 టీబీకి రాయడానికి 11 గంటలు, చదవడానికి మరో 11. లాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి, స్లీప్ మోడ్ ఆపేయండి. లేకపోతే మీరు నిద్రపోగానే అదీ నిద్రపోతుంది. డ్రైవ్‌ను పరుపు మీద, మూసిన డెస్కులో పెట్టకండి. మే నెలలో ఈ పరీక్ష పెట్టేవాళ్లు ఫ్యాన్ కింద పెట్టి, ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటితే ఆపి చల్లారనివ్వండి.

ఒక్క లోపం చూపించినా డ్రైవ్ వెనక్కి ఇచ్చేయండి, మళ్లీ పరీక్ష పెట్టి బతిమాలొద్దు. పాసైతే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మళ్లీ తెరిచి 05, సీ5, సీ6 ఇంకా సున్నాలేనా చూసి, ఆ పరీక్ష రాసిన హెచ్2డబ్ల్యూ ఫైళ్లన్నీ చెరిపేయండి. రెండో డ్రైవ్‌కూ ఇదే వరుస.

ఐదో పాఠం ఫార్మాటింగ్. అప్పటిదాకా మీ ఫైళ్ల పేర్లు ఒకసారి చూసుకోండి. లైనక్స్ పెట్టెల్లో, నాస్‌లలో ఉండే ఎక్స్‌ట్4 అనే ఫార్మాట్ పద్ధతిలో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగు లిపిలో ఒక్కో గుర్తుకు (అక్షరం, గుణింతం, పొల్లు దేనికది) 3 బైట్లు పడతాయి. "స్త్రీ" అనే ఒక్క అక్షరమే 6 గుర్తులు, 18 బైట్లు. "మా పెద్దమ్మాయి పెళ్లి" అంటూ మొదలై ఊరు, తేదీ, ముహూర్తంతో సహా సాగిన పేర్లు విండోస్‌లో బాగానే ఉండి, అక్కడికి కాపీ చేయబోతే ఎర్రర్ ఇస్తాయి. 60 గుర్తులు దాటిన పేర్ల జాబితా ఒకటి రాసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో వాటితోనే పని.