కొత్త బండి చైన్: ఇంట్లోనే శుభ్రం చేసి, సరిగ్గా సెట్ చేసుకోవడం ఎలా?

కొత్త బండి ఇంటికొచ్చాక మొదటి నెలంతా పండగే. టీఆర్ నంబరుతోనే ఊరంతా ఓ చుట్టు, కొండగట్టుకో ఇంద్రకీలాద్రికో వెళ్లి వాహన పూజ, పొద్దున్నే మెత్తటి గుడ్డతో ట్యాంకు తుడవడం, ఎవరైనా సీటు మీద జిప్పున్న బ్యాగు పెడితే గుండె చివుక్కుమనడం. ఇవన్నీ ఉండాల్సినవే. కానీ ఇదే నెలలో బండిలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కావాల్సిన వస్తువు కింద, వెనక చక్రం పక్కన ఉంటుంది, దాన్ని మాత్రం ఎవరూ వంగి చూడరు. అదే చైన్. కొత్త చైన్‌లో పిన్నులు, బుష్‌లు ఒకదానితో ఒకటి సర్దుకునేదాకా కాస్త సాగుతుంది. కంపెనీని బట్టి 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య వచ్చే మొదటి సర్వీసులో చైన్ చూడటానికి ఇదే కారణం.

చూడటం బాగానే ఉంది, అసలు గొడవ బిగించడంలోనే. రోజుకి పదుల బండ్లు చూసే చోట చైన్‌ను వీణ తీగలా లాగి బిగించి, "టైట్ చేశాం సార్" అని తాళం చేతిలో పెడతారు. యజమాని కూడా సంతోషంగా వెళ్లిపోతాడు, ఎందుకంటే చైన్ లూజుగా ఉంటే తప్పు, టైట్‌గా ఉంటే మంచిది అని మనందరి బుర్రలో ఉండిపోయింది. ఇది పూర్తిగా తప్పు. ఎందుకో కింద వివరంగా చెబుతాను, ఈ వ్యాసం రాసిందే దానికోసం.

కావలసినవి

పాత టూత్‌బ్రష్, బనియన్ గుడ్డలు, కొద్దిగా కిరోసిన్ (దొరక్కపోతే ఓ-రింగులకు, అంటే లింకుల మధ్య ఉండే రబ్బరు రింగులకు పనికొస్తుందని రాసున్న చైన్ క్లీనర్ స్ప్రే), 90 గేర్ ఆయిల్, స్టీలు స్కేలు, మీ బండి యాక్సిల్ (వెనక చక్రం ఇరుసు) నట్టుకు, అడ్జస్టర్లకు (చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపే బోల్టులకు) సరిపోయే రింగ్ పానాలు, కింద పరవడానికి పాత పేపర్లు. బండికి సెంటర్ స్టాండ్ ఉంటే పని తేలిక, లేకపోతే వెనక చక్రాన్ని పైకెత్తి ఉంచే ప్యాడాక్ స్టాండ్ ఒకటి కొనుక్కోండి, ఏళ్ల తరబడి ఉంటుంది. చైన్ లూబ్ స్ప్రేలు మంచివే అంటారు, నేను మాత్రం గేర్ ఆయిలే వాడమంటాను. చవక, ఏ ఊళ్లో అయినా ఆటోమొబైల్ షాపులో దొరుకుతుంది, పలచగా పట్టించి తుడిస్తే చక్రం మీదికి పెద్దగా చిమ్మదు. చిమ్మిందీ అంటే ఎక్కువ పోశారని అర్థం.

ఇంజిన్‌లోంచి తీసిన నల్లటి పాత ఆయిల్ చైన్‌కు పోయనివ్వకండి, అందులో ఉన్న మురికంతా చైన్‌కు పడుతుంది. గ్రీజు కూడా వద్దు. మన రోడ్ల మీద ఇసుక, ఎర్రమట్టి గ్రీజుకు పట్టుకుని చైన్‌ను ఆకురాయిలా అరగదీస్తాయి.

శుభ్రం చేయడం

ఇంజిన్ ఆపేయండి, తాళం తీసి జేబులో పెట్టుకోండి, న్యూట్రల్‌లో ఉంచండి. ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను: ఫస్ట్ గేర్ వేసి, ఇంజిన్ నడుస్తుండగా తిరిగే చైన్‌కు గుడ్డ పట్టుకునేవాళ్లను చూస్తూనే ఉంటాను. గుడ్డ చైన్‌కు చిక్కిందంటే వేలు కూడా స్ప్రాకెట్‌లోకి (చైన్ తిరిగే పళ్ల చక్రంలోకి) పోతుంది, వేలు తెగిపోతుంది. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి, అదీ టైరు పట్టుకుని, వెనక్కి.

ఇక మిగిలింది సులువే. బ్రష్‌తో కిరోసిన్ రుద్దుతూ నాలుగు వైపులా జిగురు వదిలించండి, పొడి గుడ్డతో తుడవండి, ఆరనివ్వండి. ఇప్పటి బండ్లలో చాలావాటికి లింకుల మధ్య చిన్న రబ్బరు రింగులుంటాయి, లోపలి గ్రీజు బయటికి పోకుండా అవే కాపలా. పెట్రోలుతో కడిగినా, ఇనుప బ్రష్‌తో గీకినా, వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గొట్టం దగ్గరగా పెట్టి కొట్టినా ఆ రింగులు పాడవుతాయి, ఆ తర్వాత పైన ఎంత ఆయిల్ పోసినా లాభం లేదు.

ఆయిల్ కింది వరస చైన్‌కు, లోపలి వైపు నుంచి, వెనక స్ప్రాకెట్ దగ్గర పట్టించాలి. బండి నడిచేటప్పుడు ఆయిల్ లోపలి నుంచి బయటికి విసురుకుంటూ పోతుంది కాబట్టి అన్ని లింకులకూ అందుతుంది. రెండు చుట్లు చాలు. రాత్రి పట్టించి, పొద్దున పైపైన ఉన్నది తుడిచేసి బయలుదేరడమే సరైన పద్ధతి. ప్రతి 500 కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిస్తే అదే రోజు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న చోట ఇంకా తొందరగా, అక్కడ రెండ్రోజులు పట్టించుకోకపోతే లింకుల అంచులు ఎర్రబడతాయి.

స్ప్లెండర్ లాగా చైన్ మొత్తం కవర్‌లో ఉండే బండ్లకు ఇంత తరచుగా అక్కర్లేదు. కవర్‌కు ఉండే రబ్బరు మూత తీసి చూడొచ్చు, ఆయిల్ వేయొచ్చు. ఊళ్లలో తిరిగే బండికి అసలు అలాంటి కవరే మేలు, స్టైల్ కోసం దాన్ని తీయించేసేవాళ్లంటే నాకు కోపం.

అసలు పని: లూజు ఎంత ఉండాలి?

నిదానంగా చదవండి. ముందున్న చిన్న స్ప్రాకెట్ ఇంజిన్‌కు బిగించి ఉంటుంది, కదలదు. వెనక చక్రం, దాన్ని బండికి పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌తో పాటు పైకీ కిందికీ ఊగుతుంది. స్వింగ్ ఆర్మ్ తిరిగే కీలు ముందు స్ప్రాకెట్‌కు కాస్త వెనకాల ఉంటుంది కాబట్టి చక్రం పైకి లేస్తున్నకొద్దీ రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం పెరుగుతుంది. స్ప్రాకెట్, కీలు, వెనక యాక్సిల్, మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు ఆ దూరం అన్నిటికంటే ఎక్కువ. అంటే బండి ఖాళీగా స్టాండ్ మీద ఉన్నప్పుడు మీకు సరిగ్గా బిగుతుగా కనిపించే చైన్, వెనక ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, మధ్యలో బియ్యం బస్తా పెట్టుకుని స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు ఇంకా సాగాలి. సాగడానికి లూజు లేకపోతే ఆ లాగుడంతా గేర్‌బాక్స్ బయటికొచ్చే షాఫ్ట్ మీద, దాని బేరింగు మీద, ఆయిల్ సీల్ మీద, వెనక చక్రం బేరింగుల మీద పడుతుంది. చైన్ మారిస్తే పోయే ఖర్చు వేరు, ఇంజిన్ విప్పాల్సి వస్తే అయ్యే ఖర్చు వేరు.

బాగా లూజుగా ఉన్నా ప్రమాదమే, ఊడి చక్రానికి చుట్టుకోవచ్చు, అది ఘాట్ రోడ్డులో జరిగితే చెప్పనక్కర్లేదు. కానీ సరైన కొలతకు మీరు రెండు మిల్లీమీటర్లు అటో ఇటో ఉండక తప్పదనుకుంటే, లూజు వైపే ఉండండి.

కొలత ఎంతో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, చాలా బండ్లకు స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కర్ కూడా ఉంటుంది. మామూలు బండ్లకు ఎక్కువగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య, సస్పెన్షన్ బాగా ఊగే అడ్వెంచర్ బండ్లకు ఇంకా ఎక్కువ. కొలిచేటప్పుడు బండి సైడ్ స్టాండ్ మీద ఉండాలా, సెంటర్ స్టాండ్ మీద ఉండాలా అన్నది కూడా మాన్యువల్‌లోనే రాసుంటుంది, అది వదిలేసి నంబరు మాత్రమే పట్టుకుంటే కొలత మారిపోతుంది. "వేలితో నొక్కితే తెలుస్తుంది" అనే మాట నమ్మకండి. స్కేలు పెట్టండి.

రెండు స్ప్రాకెట్లకు సరిగ్గా మధ్యలో, కింది వరస దగ్గర స్కేలు నిలువుగా పట్టుకోండి. చైన్‌ను కిందికి నొక్కి ఒక పిన్ను ఎక్కడుందో చూడండి, అదే పిన్నును పైకి నెట్టి మళ్లీ చూడండి. ఈ రెండిటి మధ్య తేడాయే లూజు. మధ్య నుంచి పైకి ఎంత కదిలింది అని సగం కొలిచి, సరిపోలేదని మొత్తం లూజు చేసేవాళ్లున్నారు, కింది చివర నుంచి పై చివర దాకా కొలవాలి.

ఒక్కచోట కొలిచి ఆపొద్దు, ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. చక్రాన్ని కొంచెం తిప్పి మళ్లీ కొలవండి, ఇంకొంచెం తిప్పి మళ్లీ. చైన్ అన్ని చోట్లా ఒకేలా సాగదు, ఒక చోట 28 ఉంటే ఇంకో చోట 22 ఉండొచ్చు. ఎక్కడ అన్నిటికంటే బిగుతుగా ఉందో, ఆ చోటనే సెట్ చేయాలి. లూజుగా ఉన్న చోట చూసి బిగిస్తే, బిగుతు చోటు వచ్చిన ప్రతిసారీ బేరింగు మీద దెబ్బ పడుతుంది. ఆ తేడా మరీ ఎక్కువైతే ఇక అడ్జస్ట్ చేసి లాభం లేదు, చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మార్చాల్సిందే.

ఇప్పుడు పానా పట్టండి. నట్టు ఊడకుండా గుచ్చి ఉంచే స్ప్లిట్ పిన్ ఉంటే తీసి, యాక్సిల్ నట్టు లూజు చేయండి, మొత్తం విప్పొద్దు. వెనక డ్రమ్ బ్రేక్ ఉంటే దాన్ని పట్టి ఉంచే రాడ్డు నట్టును కూడా కాస్త వదులు చేయాలి. అడ్జస్టర్లు రెండు వైపులా ఉంటాయి. ఒక వైపు పావు చుట్టు తిప్పితే రెండో వైపు కూడా పావు చుట్టే, అంతకుమించి ఒక్కసారి తిప్పొద్దు. స్వింగ్ ఆర్మ్ మీద గీతలుంటాయి, రెండు వైపులా ఒకే గీత దగ్గర ఉండాలి. పాత బుల్లెట్లలో గీతల బదులు నత్త గుల్ల ఆకారంలో క్యామ్ ఉండేది, దాని పళ్లు రెండు వైపులా లెక్కపెట్టి సమానంగా పెట్టేవాళ్లు, పద్ధతి మాత్రం అదే. గీతలు చూశాక కూడా వెనక కూర్చుని, ఒక కన్ను మూసి చైన్ వెంబడి చూడండి. స్ప్రాకెట్ దగ్గర చైన్ పక్కకు వంగినట్టు కనిపిస్తే చక్రం వంకర ఉన్నట్టే.

లూజు సరిపోయిందనిపించాక ఆగండి. యాక్సిల్ నట్టు బిగించేటప్పుడు చక్రం కాస్త జరుగుతుంది, కొలత మారిపోతుంది. దీనికి మంచి ఉపాయం ఒకటుంది: మందపాటి గుడ్డను మడిచి వెనక స్ప్రాకెట్‌కూ పై చైన్‌కూ మధ్య పెట్టి, వేళ్లు తీసేశాక, టైరు పట్టుకుని వెనక్కి తిప్పండి. గుడ్డ అక్కడ ఇరుక్కుని చక్రాన్ని ముందుకు లాగి అడ్జస్టర్లకు ఆనిస్తుంది. ఆ స్థితిలోనే నట్టు బిగించండి, డ్రమ్ బ్రేక్ రాడ్డు నట్టు వదులు చేసి ఉంటే దాన్నీ బిగించండి. టార్క్ పానా (ఎంత బలంతో బిగించామో చూపే పానా) ఉంటే మాన్యువల్‌లో చెప్పినంత, లేకపోతే ఇంటి దగ్గర బిగించి, ఆ రోజే మెకానిక్ దగ్గర టార్క్ సరిచూపించుకోండి. గుడ్డ తీసి, మళ్లీ మూడు నాలుగు చోట్ల కొలవండి. తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి, విసుగు పడొద్దు. స్ప్లిట్ పిన్ కొత్తది వేయండి, పాతదాన్ని వంచి వంచి వాడొద్దు.

బండి తీసే ముందు

చక్రం వెనక్కి జరిగింది కాబట్టి డ్రమ్ బ్రేక్ రాడ్డు కూడా బిగిసి ఉంటుంది. చేత్తో తిప్పితే చక్రం స్వేచ్ఛగా తిరగాలి, రాసుకుంటున్న శబ్దం వస్తే బ్రేక్ నట్టు కాస్త వదులు చేయండి. పెడల్ నొక్కగానే వెనక లైటు వెలుగుతుందో లేదో చూడండి. డిస్క్ బ్రేక్ అయితే రెండు మూడుసార్లు పెడల్ నొక్కి, గట్టిపడ్డాకే కదలండి.

పూజ చేయించినప్పుడు కట్టిన పూలదండ, పసుపు దారం చైన్ వైపు వేలాడకుండా చూసుకోండి, దేవుడికి కట్టాలంటే హ్యాండిల్‌కు కట్టొచ్చు. చీర గార్డు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయించొద్దు. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ రూలే చెబుతోంది. చున్నీ కొంగు చైన్‌లో పడి వెనక కూర్చున్న ఆడవాళ్లు రోడ్డు మీద పడిపోవడం మన దగ్గర అందరూ విన్న విషయమే.

ఇక రెండో గేర్‌లో నెమ్మదిగా ఓ వీధి తిప్పండి. గోడ పక్క నుంచి వెళ్తే శబ్దం బాగా తెలుస్తుంది. ముందు టకటకమన్నదల్లా పోయి ఇంజిన్ చప్పుడొక్కటే వినిపిస్తుంది, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు ఆ చిన్న కుదుపు ఉండదు. కొత్త బండి ఇచ్చే సంతోషాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. బదులుగా సన్నగా కూత లాంటి శబ్దం వస్తుంటే బిగుతు ఎక్కువైంది, వెంటనే తిరిగొచ్చి వదులు చేయండి.

కొలిచిన రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగి ఉందో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. టైరు మార్చడానికో, పంక్చర్‌కో వెనక చక్రం విప్పించినప్పుడల్లా ఈ కొలత పోయినట్టే లెక్క. షాపులో ఎవరు బిగించినా సరే, డబ్బులిచ్చి బయటికి రాకముందే అక్కడే స్కేలు తీసి కొలవండి, రెండు వైపులా గీతలు చూడండి, తేడా ఉంటే వాళ్లతోనే మళ్లీ విప్పించండి.