గూగుల్ ఫామ్‌లో పంపేసిన జవాబు మార్చుకునే వీలు

సర్వే ఫామ్ పంపేముందు సెట్టింగ్స్‌లో రెస్పాన్సెస్ కింద ‘అలౌ రెస్పాన్స్ ఎడిటింగ్’ ఆన్ చేయండి. సబ్మిట్ నొక్కాక తప్పు కనిపిస్తే ఎవరికైనా టెన్షనే. ఇది ఆన్‌లో ఉంటే, సబ్మిట్ అయ్యాక వచ్చే పేజీలోనే జవాబు మార్చుకునే లింకు కనిపిస్తుంది.

కానీ చాలామంది ఆ పేజీ వెంటనే మూసేస్తారు, లింకు పోతుంది. అందుకే ఈమెయిల్ అడ్రస్ తీసుకుని, ఎవరి జవాబుల కాపీ వాళ్లకు వెళ్లేలా ‘ఆల్వేస్’ పెట్టండి. మెయిల్‌లోనూ ఆ లింకు ఉంటుంది. పేరు చెప్పక్కర్లేని సర్వే అయితే మాత్రం ఈమెయిల్ అడగకండి, లింకు దాచుకోమని ఫామ్‌లోనే రాయండి. ఆ లింకు ఎవరి చేతికొచ్చినా జవాబు మార్చేయగలరు, కాబట్టి ఇతరులకు పంపొద్దనీ చెప్పండి.

మార్చిన జవాబు పాతదాని స్థానంలోకే వస్తుంది. అందుకే లెక్కలు మొదలుపెట్టేముందు ఫామ్‌లో జవాబులు తీసుకోవడం ఆపేసి, జవాబులున్న షీట్ కాపీ తీసుకోండి.