అందరూ రాసే షీట్‌లో లెక్క తేడా వచ్చిందా? ముందు ఇవి చూడండి

మా పదో తరగతి బ్యాచ్ సమ్మేళనానికి చందాలు, భోజనాల లెక్క, సావనీరు వ్యాసాలు అన్నీ గూగుల్ షీట్స్, డాక్స్‌లోనే నడిపాం. తెనాలిలో ముగ్గురు, హైదరాబాద్‌లో నలుగురు, డాలస్‌లో ఒకరు. ఎనిమిది మందీ ఒకే షీట్‌లో రాసేవాళ్లం. ఆ మూడు నెలల్లో ఏ గొడవ వచ్చినా మొదట వినపడే మాట ‘ఎవరో మార్చేశారు’. వెతికితే ప్రతిసారీ బయటపడింది ఒక సెట్టింగో, తెలియక నొక్కిన ఒక బటనో. డబ్బు లెక్కలో అనుమానం ఒక్కసారి మొదలైతే ముప్పై ఏళ్ల స్నేహం కూడా బీటలు వారుతుంది. అందుకే ఎవరికైనా ఫోన్ చేసి నిలదీసే ముందు షీట్‌లో ఎక్కడ చూడాలో రాస్తున్నాను.

పేరు ఒకరిది, డబ్బు ఇంకొకరిది

‘ఒరేయ్, నేను పది వేలు పంపితే నా పేరు ఎదురుగా రెండు వేలే ఉందేంట్రా?’ అని ఒక రాత్రి గ్రూపులో మెసేజ్ వచ్చింది. కాసేపటికి ఇంకో ఇద్దరు అదే మాట. కింద మొత్తం చూస్తే మాత్రం ఒక్క రూపాయి తేడా లేదు. గుర్తు పట్టాల్సింది ఇక్కడే: మొత్తం సరిపోయి, వరసలు మాత్రం కలవకపోతే అది సార్టింగ్ వల్ల వచ్చిన తప్పు.

పేర్లు అక్షర క్రమంలో ఉంటే బాగుంటుందని ఒకరు పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి ‘సార్ట్ రేంజ్’ నొక్కారు. పేర్లు కదిలాయి, పక్కనున్న డబ్బు ఉన్నచోటే ఉండిపోయింది.

నొక్కిన మనిషికి వెంటనే తెలిస్తే కంట్రోల్ జెడ్ చాలు. అది ఎవరి మార్పును వాళ్లే వెనక్కి తీసుకోవడానికి. ఇంకొకరు చేసినది మనం అలా తీయలేం. అప్పుడు కంప్యూటర్‌లో షీట్ తెరిచి ఫైల్ మెనూలో ‘వెర్షన్ హిస్టరీ’కి వెళ్లాలి. ఏ రోజు, ఏ గంటకు, ఎవరు ఏం మార్చారో కుడివైపు వరసగా కనిపిస్తుంది. ఎడిట్ చేసే హక్కు ఉన్నవాళ్లకే ఇది తెరుచుకుంటుంది.

ఇక్కడ తొందరపడి ‘రిస్టోర్’ నొక్కకండి. నొక్కితే షీట్ మొత్తం పాత రూపానికి వెళుతుంది, ఆ తర్వాత మిగతావాళ్లు రాసినవి కూడా కనబడకుండా పోతాయి. పాత వెర్షన్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘మేక్ ఎ కాపీ’ చేయండి. ఆ కాపీలోంచి పేర్ల కాలమ్ ఒక్కటే తెచ్చి అసలు షీట్‌లో పేస్ట్ చేయండి. సార్ట్ అయ్యాక కొత్తగా చేరిన పేర్లు ఉంటే ముందే విడిగా రాసి పెట్టుకోండి, లేకపోతే అవి పోతాయి. మాకు అరగంట పట్టింది. ఆ అరగంటా ఆగమని గ్రూపులో అందరికీ చెప్పాను.

మళ్లీ జరగకుండా డేటా మెనూలో ‘ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్’ ఉంది. పేర్లు, డబ్బు ఉన్న కాలమ్‌లు ఇద్దరే మార్చగలిగేలా పెట్టాం. ఇది మొదటి రోజే చేయాల్సిన పని.

మొత్తం తక్కువ వస్తోంది

బ్యాంకులో ఉన్నదానికంటే షీట్‌లో మొత్తం తక్కువగా ఉంటే డబ్బు కాలమ్‌ను పైనుంచి కిందికి ఒకసారి చూడండి. అంకెలు గడిలో కుడివైపుకు ఒదుగుతాయి. ఏదైనా ఎడమవైపుకు ఉందంటే షీట్ దాన్ని అంకెగా తీసుకోలేదు, మాటగా తీసుకుంది. మనకు చిన్నప్పటినుంచీ రసీదులో రాసే అలవాటు కదా, 5000/- అని. షీట్ దృష్టిలో అది అంకె కాదు, సమ్ ఫార్ములా దాన్ని కలపకుండా దాటేస్తుంది. ‘5000 వచ్చింది’ అని రాసినా అంతే.

కంట్రోల్ హెచ్‌తో ‘/-’ని వెతికి, దాని స్థానంలో ఏమీ లేకుండా మార్చేయండి. అప్పటికీ అంకె కుడివైపుకు రాకపోతే ఫార్మాట్ మెనూలో ‘నంబర్’ ఎంచుకుని మళ్లీ కొట్టండి. రూపాయి గుర్తు కావాలంటే అది కూడా ఫార్మాట్‌లోనే పెట్టుకోవచ్చు, చేత్తో రాయక్కర్లేదు.

12వ తేదీ వరకు ఒక రకం, 13 నుంచి ఇంకో రకం

మా షీట్ మొదట తయారుచేసింది డాలస్‌లో ఉన్న స్నేహితుడు. అందుకే దాని లొకేల్ (తేదీలు, అంకెలు ఏ దేశం పద్ధతిలో చదవాలో చెప్పే సెట్టింగ్) అమెరికా అని ఉంది. మనం 03/04/2025 అని కొడితే ఏప్రిల్ 3 అనుకుంటాం, షీట్ మాత్రం మార్చి 4గా దాచుకుంటుంది. 15/04/2025 కొడితే పదిహేనో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే తీసుకోదు. తేదీ కాలమ్‌లో కొన్ని కుడివైపు, కొన్ని ఎడమవైపు ఉన్నాయంటే, ఎడమవైపువి అన్నీ 12 దాటినవే అయితే, ఇదే కారణం.

ఫైల్, సెట్టింగ్స్, లొకేల్‌లో ఇండియా పెట్టండి. అక్కడే టైమ్ జోన్ కూడా మార్చండి. కానీ పాతవి వాటంతట అవి సరికావు. మార్చి 4గా దాచుకున్నది మార్చి 4గానే ఉంటుంది, చూపించే తీరు మాత్రమే మారుతుంది. వాటిని బ్యాంకు మెసేజ్‌తో పోల్చుకుని మళ్లీ కొట్టాలి, వేరే దారి లేదు.

సగం పేర్లు మాయం

వరస నంబర్లు చూడండి. 7 తర్వాత 12, ఆ తర్వాత 19 ఉంటే ఏదీ పోలేదు, కావాల్సిన వరసలే చూపించి మిగతావి దాచే ఫిల్టర్‌ను ఎవరో పెట్టారు. ఎడిటర్ పెట్టిన ఫిల్టర్ షీట్ తెరిచిన అందరికీ వర్తిస్తుంది. డేటా మెనూలో ‘రిమూవ్ ఫిల్టర్’ నొక్కితే అన్నీ తిరిగి కనిపిస్తాయి. తన ఊరివాళ్లను మాత్రమే చూసుకోవాలనుకునేవాళ్లు ‘ఫిల్టర్ వ్యూ’ వాడాలి. దానివల్ల మిగతావాళ్లకు ఏమీ మారదు.

లింక్ నొక్కితే ‘రిక్వెస్ట్ యాక్సెస్’

ఫోన్‌లో రెండు జీమెయిల్ అకౌంట్లు ఉంటాయి. షేర్ చేసింది ఒకదానికి, తెరుస్తున్నది ఇంకోదానితో. పైన ఫొటో నొక్కి అకౌంట్ మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

దీనికి విసుగొచ్చి ‘లింక్ ఉన్న ఎవరైనా ఎడిటర్’ అని పెట్టేస్తుంటారు. డబ్బు ఉన్న షీట్‌కు దయచేసి అలా చేయకండి. లాగిన్ కాకుండా వచ్చినవాళ్లు ఏదో జంతువు బొమ్మతో అజ్ఞాత వ్యక్తులుగా కనిపిస్తారు. ఏం మార్చినా హిస్టరీలో పేరుండదు. తర్వాత ఎవరు చేశారో తేల్చలేక అందరినీ అనుమానించాల్సి వస్తుంది. చూడాలనుకునేవాళ్లకు వ్యూయర్‌గా లింక్ ఇవ్వండి, రాసేవాళ్లను ఒక్కొక్కరిగా ఈమెయిల్‌తో చేర్చండి.

వ్యాసం పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు

సావనీరుకు మా తెలుగు మాస్టారు రాసిన ఆరు పేజీల వ్యాసం డీటీపీ చేయించి పంపారు. డాక్స్‌లో పెడితే ఇంగ్లీష్ అక్షరాలు, చుక్కలు, గుర్తులు కలగలిసి వచ్చాయి. ఫైల్ పాడైందేమోనని మాస్టారికి టెన్షన్. ఫైల్‌కు ఏమీ కాలేదు. అది ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్‌లో కొట్టినది. ఆ పాత ఫాంట్లలో లోపల ఉండేవి ఇంగ్లీష్ అక్షరాల సంకేతాలే, వాటిని తెలుగు ముక్కలుగా గీసి చూపించేది ఫాంట్. ఆ ఫాంట్ లేనిచోట లోపలి సంకేతాలు బయటపడతాయి. ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ వాడే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు విడిగా సంకేతాలు ఉన్నాయి కాబట్టి ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక మాత్రం ఒత్తులు, ఐత్వాలు, సున్నాలు ఒక్కో వాక్యం చదివి చూసుకోవాలి. మాస్టారి వ్యాసంలో ‘క్ష’ ఉన్నచోటల్లా తప్పు పడింది. దిద్దేవాళ్లు డాక్స్‌లో ‘సజెస్టింగ్’ మోడ్‌లో దిద్దితే రాసినవారు చూసి ఒప్పుకున్నాకే మార్పు నిలుస్తుంది. పెద్దవాళ్ల రాతను వాళ్లకు తెలియకుండా మార్చడం సరికాదు. ప్రెస్‌వాళ్లు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టడానికి ‘అను’లోనే కావాలంటే, దిద్దుబాట్లన్నీ పూర్తయ్యాక ఒక్కసారే మార్చి ఇవ్వండి. మధ్యలో అటూ ఇటూ మార్చిన ప్రతిసారీ కొత్త తప్పులు చేరతాయి.

ఉన్నట్టుండి ఎవరూ రాయలేకపోతున్నారు

షీట్ ఓనర్ స్టోరేజ్ చూడమనండి. ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపే. ఓనర్ స్టోరేజ్ పరిమితి దాటిపోతే ఆయన ఫైళ్లలో మిగతావాళ్లు కూడా ఎడిట్ చేయలేరు. సావనీరుకు వచ్చిన పాత ఫొటోలు, వీడియోలన్నీ ఒక్కరి డ్రైవ్‌లోనే పోస్తే జరిగేది ఇదే. వీడియోలు తీసేసి, ట్రాష్ కూడా ఖాళీ చేయాలి.

షీట్ అసలే కనబడకపోతే ఓనర్ డిలీట్ చేశారేమో అడగండి. ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ లోపల ఓనర్ వెనక్కి తేవచ్చు. ఖజానా చూసేవారు ఒకరు, షీట్ ఓనర్ ఇంకొకరు అయితే షేర్ బటన్ దగ్గర ఓనర్‌షిప్ బదిలీ చేసుకోవచ్చు. అవతలివాళ్లు ఒప్పుకుంటేనే అది పూర్తవుతుంది. మేం సమ్మేళనం అయిన వారానికి డాలస్ స్నేహితుడి నుంచి తెనాలిలో ఖాతా చూసే స్నేహితురాలికి అలాగే మార్చుకున్నాం.