స్టెంట్ వేశాక రక్తనాళం మళ్లీ మూసుకుపోకుండా ఏం చేయాలి

నాన్నకు గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం) వేసి ఇంటికి పంపాక చుట్టాలందరూ "ఇక టెన్షన్ లేదు" అన్నారు, కానీ అది సగమే నిజం. 1977లో జ్యూరిక్‌లో గ్రూంట్‌జిగ్ అనే డాక్టర్ మొదటిసారి గుండె రక్తనాళంలో బెలూన్ ఉబ్బించి దారి తెరిచాడు. ఒట్టి బెలూన్‌తో తెరిచిన నాళాల్లో దాదాపు మూడో వంతు కొన్ని నెలల్లోనే మళ్లీ సన్నబడేవి, ఎందుకంటే సాగిన చోట నాళం గోడ పుండు మానినట్టే లోపలికి కండ పెంచుకుంటుంది. ఇప్పటి మందుపూత స్టెంట్లు దాన్ని బాగా తగ్గించాయి.

మిగతాది మన చేతుల్లో ఉంది. రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలు ఆస్పిరిన్, దానితోపాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్, ఈ రెండూ కలిపి సాధారణంగా 6 నుంచి 12 నెలలు వాడమంటారు. పన్ను పీకించుకోవాలన్నా సరే గుండె డాక్టర్‌ని అడగకుండా ఒక్క పూట కూడా ఆపకండి, ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. మా అమ్మ మాత్రల స్ట్రిప్ వెనక ఒక్కో గుంట మీద మార్కర్‌తో తేదీ రాసేది, ఏ పూట మరిచామో చూడగానే తెలిసిపోయేది.

సిగరెట్ పూర్తిగా మానాలి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వాడుతూ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 70 లోపు, వీలైతే 55 లోపు ఉంచాలి. షుగర్, బీపీ సరేసరి. ఇరానీ చాయ్‌లో చక్కెర, వారం వారం బిర్యానీ తగ్గించి, డాక్టర్ సరే అన్నాక పొద్దున్నే కేబీఆర్ పార్క్‌లో నడవండి. ఛాతీ మళ్లీ పట్టేసినట్టుంటే గ్యాస్ అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.